ఆ వెర్షన్ మార్చింది నేనే

మంగళవారం ఉదయం ట్రైన్‌లో ఆఫీసుకు వెళ్తుండగా మా తెలుగు బడి వాట్సాప్ గ్రూపులో వార్త వచ్చింది. మా కంప్యూటర్ అంకుల్ వెస్ట్‌మీడ్ ఆసుపత్రిలో పోయారు. అందరూ చేతులు జోడించిన బొమ్మలు పెడుతున్నారు. నేను ఫోన్ జేబులో పెట్టేసుకున్నాను.

సిడ్నీ శివారు టూంగాబీలో ఆదివారాలు నడిచే మా బడికి ఎవరో ఇచ్చిన పాత డెస్క్‌టాప్‌లు ఎనిమిది ఉన్నాయి. వాటిని అంకులే చూసుకునేవారు. వరంగల్‌లో టీవీలు బాగుచేసిన మనిషి. కూతురి దగ్గరకు వచ్చి ఇక్కడే ఉండిపోయారు. ఏది ఆగిపోయినా "ముందుగాల ప్లగ్గు చూడు బాబూ, తర్వాత మిషన్‌ను తిట్టు" అనేవారు. ప్రతి సీపీయూ మూత లోపల కాగితం అంటించి, దాని వివరాలు గుండ్రటి అక్షరాలతో రాసేవారు.

ఒక ఆదివారం ఆయన రాలేదు. ఐటీ ఉద్యోగిని కదా, నా చేతులు ఊరుకోలేదు. కంప్యూటర్ ఆన్ చేయగానే అన్నిటికంటే ముందు నడిచే ప్రోగ్రాం, బయోస్ అంటారే, దానికి కొత్త వెర్షన్ కనిపించింది. అంత పాత మిషన్లకు సరిపడుతుందో లేదో చూడకుండా ఎనిమిదింటికీ ఎక్కించేశాను.

పై వారం నుంచి, నిద్రలోకి వెళ్లిన కంప్యూటర్లు మళ్లీ లేవడం మానేశాయి. ఫ్యాన్ తిరుగుతుంది, తెర మాత్రం నల్లగా ఉంటుంది. బటన్ నొక్కిపట్టి ఆపితే పిల్లలు సేవ్ చేయని కథలు పోయేవి. "మై స్టోరీ ఈజ్ గాన్, అంకుల్!" అని ఒక పాప ఏడ్చింది. బడి కమిటీ పెద్ద అందరి ముందే అనేశాడు: "మీరిక రెస్ట్ తీసుకోండంకుల్. మీ రిపేర్లతోనే ఇవి పాడయ్యాయి." గది తాళంచెవి ఆయన దగ్గర తీసుకుని నాకిచ్చాడు. నేను తీసుకున్నాను.

అంకుల్ మానలేదు. నన్నడిగి ఒక్కొక్కటీ ఇంటికి తీసుకెళ్లారు. పవర్ సప్లై మార్చి చూశారు, స్లీప్ సెట్టింగులన్నీ తిప్పి చూశారు. చివరికి మూత లోపల తాను రాసుకున్న బయోస్ వెర్షన్‌కూ తెర మీది వెర్షన్‌కూ తేడా పట్టుకున్నారు.

ఆ వారం బడి కార్ పార్కులో అడిగారు. "గీ వెర్షన్ ఎవరన్న మార్చిన్రా బాబూ?"

"తెలియదంకుల్."

ఒక్క క్షణం నా మొహంలోకి చూశారు. "ఎవరు మార్చిన్రో గానీ, మంచిగ చేద్దామనే చేసుంటరు. పాతది ఎక్కిస్తే సరిపోతది."

కొన్ని వారాల్లో ఎనిమిదీ బాగయ్యాయి. తాళంచెవి నా దగ్గరుంది కాబట్టి బాగుచేసింది నేనే అనుకుని అందరూ నన్నే మెచ్చుకున్నారు. నవ్వి ఊరుకున్నాను. ఆ తర్వాత అంకుల్ మనవరాలిని దింపడానికి వచ్చినా గేటు దాటి లోపలికి రాలేదు. ఎన్ని ఆదివారాలు గడిచాయో! ఒక్క ఆదివారమూ నిజం చెప్పలేదు.

నిన్న కమిటీ పెద్దకు ఫోన్ చేసి చెప్పాను. "అయ్యో, ఆయన్ని అంత మాటన్నానే" అన్నాడు. ఇది చదువుతున్న మీకూ చెబుతున్నాను. అంకుల్ చేతుల్లో ఏదీ పాడవలేదు.

కార్ పార్కులో ఆ రోజు, అబద్ధం చెప్పాక, ఆయన కారు వెనక తలుపు నేనే తెరిచాను. అంకుల్ కంప్యూటర్‌ను సీటు మీద పడుకోబెట్టి, పసిపిల్లకు పెట్టినట్టు బెల్టు పెట్టారు. స్పీడ్ బంప్ దగ్గర కారు దాదాపు ఆపేసి, కుదుపు తగలకుండా మెల్లగా దాటించారు.