చెల్పూర్ రోడ్డు మీద నల్లచుక్కల మొక్క

వృక్షశాస్త్రం పాఠాలు చెప్పుకుని బతికే మనిషికి మొక్కకూ మసికీ తేడా తెలియదంటే ఎవరూ నమ్మరు. నాకు తెలియలేదు.

భూపాలపల్లి కాలేజీలో పనిచేస్తున్నప్పుడు, ఒక ఎండాకాలం చెల్పూర్ రోడ్డు పక్కన ఒక మొక్క కంటబడింది. చూడటానికి తుత్తురబెండలాగే ఉంది కానీ, ఆకుల నిండా సన్నటి నల్లచుక్కలు. మా ఊరు గార్లలో చేలగట్ల మీద నేను చూస్తూ పెరిగిన తుత్తురబెండకు చుక్కల్లేవు. పుస్తకాల్లో ఉన్నదానికీ లేవు. ఇంకేం, కొత్త జాతేనని తేల్చుకున్నాను. చుక్కలు ఆకు పైవైపే ఉండి కిందివైపు లేకపోవడాన్ని కూడా విశేష లక్షణంగానే లెక్కేసుకున్నాను.

కొత్త జాతిని తేల్చినవాళ్లే దానికి పేరు పెడతారు. శాస్త్రంలో ప్రతి జీవికీ లాటిన్ తీరులో రెండు మాటల పేరు: మొదటిది ప్రజాతిది, అంటే దగ్గరి జాతులన్నిటికీ ఉమ్మడి ఇంటిపేరు లాంటిది; రెండోది దాని సొంతం. ఆ రెండో మాటలో మన పేరే ఇరికించుకోవడం మర్యాద కాదు. అందుకని మా ఆవిడ పేరు పెడతానని మాటిచ్చాను. పెళ్లయ్యాక నా మాటల్లో ఆమె పూర్తిగా నమ్మింది అదొక్కటే. ఆ సాయంత్రమే జనగామలో పుట్టింటికి ఫోన్ చేసి చెప్పేసింది.

మొక్కను పాత పేపర్ల మధ్య ఆరబెట్టి, హైదరాబాద్‌లో మొక్కల నమూనాలు భద్రపరిచే చోటికి పంపాను. కొన్నాళ్లకు అక్కడి పెద్దాయన ఫోన్ చేశాడు.

"సార్, పంపే ముంగట ఆకును జర తడిబట్టతోని తుడిచి చూసిన్రా?"

ఆయన తుడిచాడట. చుక్కలు బట్టకొచ్చాయట. ఆ రోడ్డున పొద్దంతా బొగ్గు లారీలు తిరుగుతాయి. ఆ దుమ్ము ఆకు నూగుకు పట్టుకుంది. అది పోగా మిగిలింది ఊరూరా మొలిచే తుత్తురబెండే. ఆకుతోపాటు నా పరువునూ కడిగి ఆరేసినట్టయింది.

మా ఆవిడ ఏమీ అనలేదు. అనడానికి ఆమె తమ్ముడున్నాడు. జనగామలో ఏ పెళ్లికి పోయినా, పదిమందిలో నన్ను పట్టుకునేవాడు.

"ఏం బావ, మా అక్క పేరు పెట్టి కడుగుతవా, కడిగి పెడ్తవా?"

చుట్టాలంతా నవ్వేవాళ్లు. ఆమె నవ్వేది కాదు. అదే నాకు గుచ్చుకునేది.

మొన్న మా బామ్మర్ది కొత్త ఇల్లు కట్టాడు. గృహప్రవేశానికి హైదరాబాద్ నుంచి పూలకుండీలు తెప్పించి గడప దాకా వరసగా పేర్పించాడు. అందరి ముందూ నన్ను పిలిచాడు.

"సైంటిస్టు బావ, గీ పూలేందో చెప్పు. దుమ్ము లేకుంట కడిగిపిచ్చిన."

పెటూనియా అని చెప్పాను. అక్కడితో ఆపొచ్చు. కానీ మొక్కలకూ కుటుంబాలుంటాయనీ, పువ్వు అమరికనూ కాయ తీరునూ చూసి ఎవరికెవరు చుట్టమో తేలుస్తారనీ నిదానంగా వివరించాను.

"గిది ఉమ్మెత్తకు చుట్టం. ఇద్దరిదీ ఒక్కటే ఇల్లు."

మా అత్త లేచి నిలబడింది. "పిల్లలు తిరిగే ఇంట్ల ఉమ్మెత్త చుట్టమేందిరా? తీసెయ్ ముందుగాల."

పట్టుపంచె ఎగగట్టి ఒక్కో కుండీనీ మా బామ్మర్దే మిద్దె మీదికి మోశాడు. మా ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

భోజనాల్లో బగారన్నం, వంకాయ కూర, టమాట పచ్చడి వడ్డించారు. వంకాయా టమాటా కూడా ఆ ఉమ్మెత్త ఇంటివేనన్న సంగతి నేనెవరికీ చెప్పలేదు. కూర మారు వేయించుకున్నాను.