పువ్వున్నప్పుడు ఆకుండదు

మా బాటనీ మేడం పోయిన వారం ఖమ్మం దవాఖానాలో కన్నుమూశారు. పాస్టరుగారు ఫోన్ చేసి చెప్పారు. సమాధి దగ్గర వేళ్ల మీద లెక్కపెట్టేంత మందిమే ఉన్నాం. విజయవాడ నుంచి వచ్చిన ఆమె తమ్ముడు నన్ను, మీరు అక్కకు ఏమవుతారని అడిగాడు. ల్యాబ్ అటెండర్నని చెప్పాను. అంతకుమించి ఏం చెప్పాలో అప్పుడు తోచలేదు. అందుకే ఇది రాస్తున్నాను.

ఆమె పెళ్లి చేసుకోలేదు. కాలేజీ వెనక ఒక గది, చిన్న వరండా కిరాయికి తీసుకున్నారు. కూర ఎప్పుడూ ఎక్కువే వండేవారు. "ఒక్కరికి వండితే కూర కుదరదు చెల్లె," అని నాకు సగం గిన్నెలో పెట్టిచ్చేవారు. నా భర్త పోయి అప్పటికి నాలుగేళ్లు. నా కోసం ఎదురుచూసేవాళ్లు ఇంట్లో ఎవరూ లేరు. ఆదివారం ప్రార్థన అయ్యాక ఆమె భుజాన గుడ్డసంచి, మెడలో భూతద్దం వేసుకుని అడవికి బయల్దేరితే నేనూ వెళ్లేదాన్ని.

ఒక వానాకాలం టేకులపల్లి దాటాక, వెదురు పొదల కింద ఒక ఆకు కనిపించింది. మొక్కకు ఒకటే ఆకు, హృదయాకారంలో, విసనకర్రలా మడతలు పడి ఉంది. మేడం బురదలోనే మోకాళ్ల మీద కూర్చున్నారు. నేలలో పెరిగే ఆర్కిడ్ అని, నెర్విలియా జాతి అని పోల్చారు. ఆ జాతిలో ఇది ఏదో తేల్చాలంటే మాత్రం పువ్వు చూడాలన్నారు. ఎంత వెతికినా పువ్వు దొరకలేదు. అక్కడే కూరకని లేత వెదురు కొమ్ములు ఏరుకుంటున్న ఒక కోయ అవ్వ మమ్మల్ని చూసి నవ్వింది.

"పువ్వున్నప్పుడు ఆకుండదు. ఆకొచ్చేసరికి పువ్వుండదు. అవి రెండూ ఒకదాన్నొకటి చూడవు బిడ్డా."

తిరుగు బస్సులో మేడం ఆ మాటను నోటుబుక్కులో రాసుకున్నారు. దిగేముందు, రెండూ చూడాలంటే ఇంట్లో పెంచాల్సిందేనన్నారు.

మరో ఆదివారం ఆ మొక్కవే రెండు దుంపలు ఆకులతో సహా తెచ్చి కుండీలో పెట్టారు. చలికాలానికి ఆకులు పండి మాయమయ్యాయి. వేసవి సెలవులకు ఆమె తమ్ముడి దగ్గరికి వెళ్లినప్పుడు, ఎండిన ఆ మట్టిని చూసి ప్రాణం ఒప్పక రోజూ నీళ్లు పోశాను. ఆమె వచ్చి తవ్వితే దుంపలు కుళ్లిపోయి ఉన్నాయి. నాకు ఏడుపొచ్చింది.

"ఎండకాలం అది నిద్రపోతది చెల్లె. నిద్రపోయేటోళ్లకు అన్నం పెడ్తమా?" అన్నారు. మళ్లీ ఆ సంగతి ఎప్పుడూ ఎత్తలేదు.

ఆ వానల్లో, బోలెడు మొక్కలున్న చోటి నుంచి ఒక్క దుంపే తీసుకున్నారు. ఈసారి అక్కడి ఆకుమట్టినీ సంచిలో నింపించారు. ఆ మట్టిలో దానికి తోడుండే బూజు ఉంటుందని, అది లేకపోతే బతకదని చెప్పారు. వేసవి పొడుగునా వరండాలో వట్టి మట్టికుండీ, దాని ఎదురుగా చాయ్ గ్లాసుతో మేడం.

రెండేళ్లు ఆకే వచ్చింది. మూడో ఏడు జూన్‌లో ఆమెకు కడుపులో గడ్డ తేలి, ఆపరేషన్‌కు ఖమ్మం వెళ్లారు. తొలి వానలు పడ్డ నాలుగో రోజు కుండీలో జానెడు కాడ, దానికి తల వంచుకుని లేత ఆకుపచ్చ పువ్వు. అది రెండు మూడు రోజులకు మించి నిలవదని అంతకుముందు ఆమే చెప్పారు. ఒంటరిగా ఎన్నడూ ఖమ్మం వెళ్లనిదాన్ని, కుండీ ఒళ్లో పెట్టుకుని బస్సెక్కాను. కింద పెట్టమని కండక్టర్ ఎంత చెప్పినా పెట్టలేదు.

మేడం పడుకునే భూతద్దంతో చాలాసేపు చూశారు. పువ్వు మధ్యరేక మీద ఊదా చారలు, అంచున సన్నని నూగు ఆమె చెబుతుంటే నేను రాశాను. తర్వాత భూతద్దం పక్కన పెట్టారు.

"రేపు ఆపరేషన్. ఎవరన్నా వస్తరేమోనని పొద్దటి సంది తలుపు దిక్కే చూస్తున్న," అన్నారు. "నువ్వొచ్చినవ్."

పువ్వు వాడాక, ఆ కాడ మొదట్లోనే ఆకు లేచింది. ఆపరేషన్ బాగా జరిగి ఇంటికొచ్చాక మేడం పువ్వునూ ఆకునూ బొమ్మ గీసి ఒక శాస్త్రవేత్తకు పంపారు. అది ఇదివరకే పేరున్న మొక్కేనని జవాబొచ్చింది. నేను చిన్నబోయాను గాని ఆమె కాదు. ఎండిన పువ్వును, ఆకును ఒకే అట్ట మీద పక్కపక్కన అతికించి, కింద పేరు రాసి ల్యాబ్ గోడకు తగిలించారు.

ఈ ఏడు జబ్బు తిరగబెట్టింది. తను పోతే కుండీలో ఉన్నది వట్టి మట్టే అనుకుని ఎవరో పారబోస్తారని, మృగశిర కార్తె ముందు కుండీతో సహా నన్ను అడవికి బయల్దేరదీశారు. నడవలేక రోడ్డు పక్క కల్వర్టు మీద కూర్చున్నారు. నేనొక్కదాన్నే లోపలికి వెళ్లి, ఒకటి కాస్తా మూడయిన దుంపల్ని వెదురు కింద పెట్టి వచ్చాను. గుర్తేమైనా పెట్టావా అని అడిగారు. లేదన్నాను. మంచి పని చేశావన్నారు.

బస్సెక్కగానే వాన మొదలైంది. అందరూ కిటికీల మీద పరదాలు దించుకున్నారు. మేడం మాత్రం తన పక్క పరదా ఒక చేత్తో ఎత్తి పట్టుకుని, జాకెట్టు చెయ్యంతా తడుస్తున్నా, అడవి దాటేదాకా బయటికే చూస్తూ కూర్చున్నారు.