నిరీక్షణ కాలానికి మా వదిన రాసిన వాక్యం

మా వదిన దేన్నీ ఒక పట్టాన నమ్మదు. పొయ్యి కట్టేశానని అన్నయ్య చెప్పినా సరే, లేచి వెళ్ళి చూసొస్తుంది. ఆఫీసులో ఆవిడ పని కూడా అలాంటిదే కావడం నా ఖర్మ, ఎందుకంటే మా ఇద్దరిదీ ఒకటే ఆఫీసు. ప్రోగ్రామర్లు కోడ్ మార్చినప్పుడల్లా దాన్ని పరీక్షకు వరుసలో నిలబెట్టి, ఖాళీ అయిన మెషిన్‌కి అప్పగించే షెడ్యూలర్ అనే ప్రోగ్రాం ఒకటుంది. అది రోజంతా అంకెలు కక్కుతుంది. ఒక్కో అంకె దేన్ని కొలుస్తుందో వివరంగా రాయడం వదిన ఉద్యోగం. ఆ మెషిన్లను చూసుకోవడం నాది.

గొడవంతా 'నిరీక్షణ కాలం' అనే అంకెతో వచ్చింది, అంటే పరీక్ష కోసం కోడ్ వరుసలో ఎంతసేపు ఆగిందో చెప్పేది. ఎప్పుడు చూసినా అది తక్కువే. మేనేజర్ మురిసిపోయి, ఎవరూ ఎదురుచూడటం లేదు కాబట్టి సగం మెషిన్లు దండగ అన్నాడు. మెషిన్లు పోతే నేనూ ఇంటికే. వదిన ఆ అంకెకి వివరణ రాసివ్వగానే ఆ మెషిన్లు తీసేయిస్తానన్నాడు.

కానీ ప్రోగ్రామర్లు క్యూలో పడి గింజుకోవడం నేను రోజూ చూస్తున్నదే.

"వదినా, ఆ అంకె తప్పు. అలాగని రాసెయ్," అన్నాను.

"ఎలా తప్పు?"

"ఎలాగో నాకేం తెలుసు? తప్పని మాత్రం తెలుసు."

"ఉద్యోగం పోతుందని కదా నీ బాధ. అందుకే నీ మాట అసలు నమ్మను," అంది కళ్ళజోడు పైనుంచి చూస్తూ.

ఒళ్ళు మండిపోయింది. సొంత మరిదిని దొంగని చూసినట్టు చూస్తుందా? ఆ పూట ఆవిడ తెచ్చిన డబ్బా ముట్టకుండా క్యాంటీన్‌కి పోయాను. మేనేజర్‌తో కుమ్మక్కయిందేమో అని కూడా అనుకున్నాను, అబద్ధమెందుకు.

వదిన మాత్రం కుర్చీ ఈడ్చుకెళ్ళి, మేం బుజ్జాయి అని పిలిచే ప్రోగ్రామర్ పక్కన కూర్చుంది. అతను కోడ్ పంపాడు. ఎదురుచూశాడు. గోళ్ళు కొరికాడు. చివరికి క్యాన్సిల్ కొట్టి, అదే కోడ్ మళ్ళీ పంపాడు.

"ఎందుకు బాబూ క్యాన్సిల్ చేశావు?"

"మళ్ళీ పంపితే ఏదో ఒక మెషిన్ తొందరగా అందుకుంటుందేమోనని. ఇక్కడ అందరం ఇంతే కదండీ."

వదిన వెంటనే షెడ్యూలర్ లోపలి కోడ్ తెరిచి చూసింది. పరీక్ష మొదలైతేనే అది నిరీక్షణను లెక్కలో వేసుకుంటుంది. మధ్యలో క్యాన్సిల్ చేస్తే, అంతవరకూ సాగిన ఎదురుచూపంతా గాల్లో కలిసిపోతుంది. మళ్ళీ పంపితే సున్నా నుంచి మొదలు.

వివరణలో ఒక వాక్యం చేర్చింది: 'విసిగి మానుకున్నవారి నిరీక్షణ ఇందులో లేదు.'

మేనేజర్ చదివి మొహం చిట్లించాడు. "మీ మరిది కోసం రాశారా?"

"నా మాట నమ్మకండి. మీరే ఒకటి పంపి చూడండి," అంటూ వదిన తన కుర్చీ ఖాళీ చేసింది.

ఆయన పంపాడు. మేమిద్దరం వెనకాల నిలబడ్డాం. తెరమీద 'క్యూలో ఉంది' అన్న మాట కదలలేదు. ఆయన గడియారం చూసుకున్నాడు, కాలు ఊపాడు, నా వైపు తిరిగాడు.

"మెషిన్లు నువ్వేమైనా ఆపావా?"

వదిన కూడా నా వైపే చూసింది. ఆపైన వంగి, పక్క తెరలో అన్ని మెషిన్లూ పనిలోనే ఉన్నాయని చూసుకున్నాక గానీ తల తిప్పుకోలేదు.

కాసేపటికి ఆయన వేలు దానంతట అదే క్యాన్సిల్ మీదికి పోయింది. నొక్కేశాడు. నొక్కాక నిరీక్షణ కాలం వైపు చూశాడు. అది ఎప్పటిలాగే తక్కువగా ఉంది.

"మెషిన్లు తీసేసే సంగతి ఇక వదిలెయ్యండి," అని లేచి వెళ్ళిపోయాడు.

ఇంటికి వెళ్తూ వదినకి థాంక్స్ చెప్పాను.

"నీ కోసమేం చెయ్యలేదు," అంది.

ఆ మాట నేను నమ్మలేదు.