హెస్టర్ లేచి నిలబడిన ఆదివారం

మా ఊళ్లో ఉత్తరాలు పంచే హెస్టర్ పోకాక్‌కి యాభై ఆరేళ్లు. కుక్కలకు జంకదు, మంచుకు జంకదు. అలాంటి మనిషి గిల్బర్ట్ పైబస్‌ను పెళ్లాడబోయే ముందు మూడు వారాలు గడగడా వణికింది. అందులో నా పాపమూ కొంత ఉంది.

పెళ్లినాటికి తన వంశవృక్షం రాసి గిల్బర్ట్ ఇంటి బైబిల్లో పెట్టాలని ఆమె ముచ్చట. చర్చిలో పూలు సర్దేదాన్ని కనుక పాత రిజిస్టర్ల పెట్టె తాళం నా దగ్గరుంటుంది. అరగంటలో అందరూ దొరుకుతారని గొప్పలు పోయి, బాప్తిస్మాల రిజిస్టరు తీశాను. దొరికారు. హెస్టర్ పేరు పక్కన తండ్రి గడి మాత్రం ఖాళీ. నాన్న ఓడ మునిగి పోయాడని తల్లి చెప్పిన కథ అక్కడే మునిగింది.

అప్పుడామెకు చిన్ననాటి సంగతొకటి గుర్తొచ్చింది. ఏటా ఆపిల్ పళ్ల కాలంలో గిల్బర్ట్ తండ్రి జెమ్ వచ్చి, హెస్టర్ వాళ్ల గుమ్మంలో పళ్ల బుట్ట ఒకటి పెట్టి, తలుపు తట్టకుండా వెళ్లిపోయేవాడు. తల్లి కిటికీ తెర లాగేసేది.

"గిల్బర్ట్ నాకు అన్న అవుతాడేమోనే," అంది హెస్టర్.

ధైర్యం చెప్పాల్సిన నేను, మీ ఇద్దరి ముక్కులూ కాస్త ఒకలాగే ఉన్నాయి సుమా అన్నాను.

మా చర్చిలో పెళ్లికి ముందు మూడు ఆదివారాలు పాదిరిగారు ఇద్దరి పేర్లూ చదివి, అడ్డేమైనా తెలిసినవాళ్లు చెప్పమంటారు. నాకు తెలిసి అంతవరకూ ఏ పెళ్లికీ ఎవరూ నోరు విప్పలేదు. మొదటి ఆదివారం ఆ మాటకు హెస్టర్ ముఖం పాలిపోయింది. రెండో ఆదివారం ఎవరో దగ్గితే సగం లేచింది. నిజం తెలిసే అవకాశం ఒక్కరికే ఉంది: తల్లి స్నేహితురాలు, తొంభై ఒక్కేళ్ల డోర్కస్ పెద్దమ్మ. ఆవిడ అవునంటే ఏం గతి అని, హెస్టర్ ఆవిడ ఉత్తరాలు గేటు మీదే పెట్టి పరుగెత్తేది.

మూడో ఆదివారం పాదిరిగారు అడిగి, మర్యాదకు ఒక్క క్షణం ఆగారు. హెస్టర్ లేచి నిలబడింది.

"అభ్యంతరం నాకేనండి. జెమ్ పైబస్ మా నాన్న అయ్యుంటాడు."

పాదిరిగారు జవాబు పుస్తకంలో ఉందేమోనని పేజీ తిప్పారు. వెనక బల్ల దగ్గర చేతికర్ర టకటకలాడింది.

"కూర్చోవే పిచ్చిమొహమా," అంది డోర్కస్ పెద్దమ్మ. "మీ నాన్న ఇదిగో ఈ ఆర్గన్ బాగుచేయడానికొచ్చిన ఎర్రజుట్టువాడు. వాడికీ మీ అమ్మకీ మధ్య చీటీలు మోసింది నేనే. పట్నంలో వాడికి పెళ్లాం ఉందని తరవాత తెలిసింది."

"మరి ఆ పళ్లో?"

"జెమ్ తాగి బండి తోలి మీ అమ్మ బాతుల్ని మూడింటిని తొక్కించాడు. ఏటా పళ్లు తెచ్చిపెట్టినా ఆవిడ చచ్చేదాకా క్షమించలేదు."

అభ్యంతరం వెనక్కి తీసుకుంటున్నావా అమ్మా అని పాదిరిగారు అడిగారు. ఈలోగా గిల్బర్ట్ ముందు బల్ల వదిలి వచ్చి, నన్ను జరగమని సైగ చేసి, ఆమె పక్కన నిలబడ్డాడు.

"మూడు వారాలుగా నా మొహం చూడట్లేదు నువ్వు," అన్నాడు మెల్లగా. "నీ మనసు మారిందనుకుని అన్నం సయించట్లేదు నాకు."

"తీసుకుంటున్నానండి," అంది హెస్టర్ పాదిరిగారితో.

కూర్చున్నాక కూడా, పాట రెండు చరణాలు అయ్యేదాకా మా బల్ల వణుకుతూనే ఉంది. ఎవరి వణుకో నేను చెప్పలేను.