నాలుగు వేళ్ల సందు

ఆయన్ని కొలతల మేస్త్రి అనేవాళ్లు. పొగడ్తగా అన్నవాళ్లు కొందరు, విసుక్కుని అన్నవాళ్లు ఇంకొందరు. గోడకి మేకు కొట్టమంటే మేకు పొడుగు కొలిచేవాడు, గోడ మందం కొలిచేవాడు, ఇంకాసేపుంటే సుత్తి కూడా కొలుస్తాడేమోనని పక్కవాడు హడలిపోయేవాడు. "మీనమేషాలు లెక్కపెట్టడం ఈయన దగ్గరే నేర్చుకోవాలి" అని పక్క షెడ్డు వెల్డరు ఎన్నిసార్లు నవ్వాడో లెక్కలేదు. ఆ నవ్వినవాడే తన బండికి ఇంజను పని పడితే మాత్రం ఇంకో గడప తొక్కేవాడు కాదు. మేస్త్రి చేతిలో పడ్డ బండి అదే జబ్బుతో రెండోసారి వచ్చిన దాఖలా లేదు మరి. అది ముప్పై ఏళ్ల పేరు.

ఇంటి ముందు గది ఆయన భార్య కుట్టుమిషనుది, వెనక రేకుల షెడ్డు ఆయనది. మధ్యన ఒకే గోడ, ఆ గోడకి ఒకే తలుపు. మొగుడూ పెళ్లాల మధ్య తగవంటూ వస్తే టేపు దగ్గరే వచ్చేది. ఉక్కు టేపు వంపుల్లో వంగదు కదా, గొట్టం చుట్టుకొలత కావాల్సొచ్చినప్పుడల్లా మేస్త్రి ఆ తలుపు తీసుకుని వచ్చి టైలరమ్మ మెడలో వేలాడే గుడ్డ టేపు లాక్కుపోయేవాడు. సాయంత్రానికి అది గ్రీజు పూసుకుని తిరిగొచ్చేది. "దీన్ని పట్టుకుని ఎవరి చొక్కా కొలవమంటారు?" అని ఆవిడ, "ఉతికితే పోతుందిలే" అని ఈయన. ఇన్నేళ్లలో ఒక్కసారైనా దాన్ని ఆయన ఉతికిన పాపాన పోలేదు.

టేపు అడిగేవాడు గానీ, సలహా అడిగేవాడు కాదు. పెరటి చెట్టు మందుకు పనికిరాదంటారే, ఆ తెగులు ఆయనకి గట్టిగానే ఉండేది.

ఆ ఏడు ఎండలు ముదిరాక నర్సమ్మ తన పాత జీపు తెచ్చి షెడ్డు ముందు ఆపింది. వాగుకి అవతల, కొండ మీద నాలుగు పల్లెలున్నాయి. సూదైనా మందైనా ఈ పిల్ల చేతుల మీదుగానే అక్కడికి చేరాలి. వాగు మీద వంతెన లేదు, రాళ్లలో దిగి రాళ్లలోనే ఎక్కాలి. పోయినేడు వానల్లో పెట్రోలు ఇంజను మీద నీళ్లు చిమ్మి, నిప్పు రవ్వ పుట్టాల్సిన చోటు తడిసిపోయి, బండి వాగు నడుమ మొరాయించింది. మందుల పెట్టె ఒళ్లో పెట్టుకుని జీపు టాపు మీద నాలుగు గంటలు కూర్చుంది నర్సమ్మ.

"బాబాయ్, దీనికి డీజిలు ఇంజను పెట్టండి. డీజిలుకి నిప్పు రవ్వతో పనే లేదంట కదా? వానల ముందే కావాలి. లేదంటే ఈ మూడు నెలలూ అవతలివాళ్లని దేవుడికి వదిలెయ్యడమే."

"రవ్వ అక్కర్లేదు గానీ గాలి కావాలి తల్లీ. గాలి గొట్టాన్ని ముందు అద్దం పైదాకా లేపుతాను. అవతలి ఒడ్డెక్కేదాకా నువ్వు ఆగవు, నాదీ పూచీ," అన్నాడు మేస్త్రి.

తుక్కు అంగట్లో పడున్న ఒక వ్యాను నుంచి మంచి డీజిలు ఇంజను దొరికింది. తీసేసిన పెట్రోలు ఇంజను కన్నా ఇద్దరు మనుషుల బరువు ఎక్కువే ఉంటుంది. జీపుని నాలుగు ఇనప స్టాండ్ల మీదికి లేపి, పాత ఇంజను గొలుసుతో పైకి తీసి, కొత్తది అదే గొలుసుకి వేలాడదీశాడు. ఇక కొలవడం మొదలెట్టాడు. రేడియేటరుకీ ఫ్యానుకీ ఎంత, బానెట్టుకీ ఇంజను నెత్తికీ ఎంత, ఇంజను అడుగున నూనె నిలిచే చాంబరుకీ దాని కిందుండే ముందు ఇరుసుకీ ఎంత. చివరిది టేపుతో కొలిచాక వేళ్లు పెట్టి కూడా చూశాడు. నాలుగు వేళ్లు సుఖంగా దూరాయి. "నాలుగు వేళ్లు, ధారాళం" అని గోడ మీద సుద్దతో రాసుకున్నాడు.

అప్పుడే టీ పట్టుకొచ్చిన టైలరమ్మ వంగి కిందకి చూసింది.

"ఏమండీ, చక్రాలు గాల్లో వేలాడుతుంటే కొలుస్తున్నారేంటి? కిందకి దించాక ఈ కొలత ఇలాగే ఉంటుందా?"

"ఇదేమన్నా జాకెట్టు ముక్కనుకున్నావా? ఇనుము. ఇనుము ఎక్కడున్నా ఇనుమే."

ఆవిడ టీ గ్లాసు బల్ల మీద పెట్టి వెళ్లిపోయింది. ఇనుము ఇనుమే, ఎవరు కాదన్నారు? ఇరుసుని మోసే స్ప్రింగు పట్టీలు కూడా ఇనుమే, అవి బరువు పడితే వంగుతాయి. ఆ సంగతి మేస్త్రికి తెలియక కాదు. పెళ్లాం నోట వినేసరికి తెలిసింది కూడా తెలియకుండా పోయింది, అంతే.

ఇరవై రోజులు పట్టింది పని. ఇంజనుకి కాళ్లు కట్టాడు, గేరుబాక్సుకీ దానికీ మధ్య ప్లేటు కోయించి బిగించాడు, గాలి గొట్టం అద్దం పైదాకా లేపాడు, అడుగు చాంబరుకి నల్ల రంగు వేశాడు. బండిని నేల మీదికి దించి తాళం తిప్పితే మూడోసారికి అందుకుంది. నల్లగా ఒక్క బుంగెడు పొగ వదిలి, తర్వాత దడదడా నిలకడగా ఆడింది. వెల్డరు చప్పట్లు కొట్టాడు. నర్సమ్మ బానెట్టు మీద అరచెయ్యి ఆనించి, నాడి చూస్తున్నట్టు నవ్వుతూ నిలబడింది. ఊరి చుట్టూ ఒకసారి తిప్పుకొచ్చి, "రేపు పొద్దున వచ్చి తీసుకెళ్లమ్మా" అన్నాడు మేస్త్రి.

ఆ మధ్యాహ్నమే, నట్లన్నీ చివరిసారి చూద్దామని బండి కిందకి దూరాడు. చాంబరు ముందు అంచున, నల్ల రంగు మీద, బొటనవేలి గోరంత మేర ఇనుము తెల్లగా మెరుస్తోంది. ఇరుసుకీ చాంబరుకీ మధ్య వేళ్లు పెట్టబోయాడు. నాలుగు పట్టలేదు. మూడూ పట్టలేదు, రెండూ పట్టలేదు. చిటికెన వేలు మాత్రం ఇరుకుగా దూరింది.

స్టాండ్ల మీద ఉన్నంతసేపూ ఇరుసు తన బరువుకి తాను కిందకి వేలాడింది. నేల మీద నిలబడ్డాక, పైన ఆ బరువైన ఇంజను కూడా కూర్చున్నాక, పట్టీలు వంగి ఇరుసు చాంబరు దగ్గరికొచ్చింది. రోడ్డు మీద చిన్న గతుకుకే ముద్దుపెట్టి వదిలింది. వాగులో ఒక రాయి మీంచి చక్రం దబ్బున పడితే ముద్దుతో సరిపెట్టదు, చాంబరు చీలుతుంది. నూనె వాగు పాలవుతుంది. నూనె లేని ఇంజను నాలుగు నిమిషాల్లో బిగుసుకుపోతుంది. మళ్లీ నర్సమ్మ, మళ్లీ టాపు, మళ్లీ ఒళ్లో మందుల పెట్టె.

మేస్త్రి అలాగే వెల్లకిలా పడుకుని చాలాసేపు ఆ మెరుపుని చూశాడు. దుర్బుద్ధి పుట్టలేదని చెబితే అబద్ధం. మధ్యలో రబ్బరు ముక్క ఒకటి కుక్కి పంపేస్తే? ఏదైనా జరిగితే రాయి తగిలిందంటే సరి, అందరూ నమ్ముతారు. కొలతల మేస్త్రి కొలత తప్పాడంటేనే ఎవరూ నమ్మరు. ముప్పై ఏళ్ల మంచి పేరు ఇందుకు కూడా పనికొస్తుందన్నమాట అనుకునేసరికి ఆయనకి తన మీద తనకే రోత పుట్టింది.

చేతులు తుడుచుకుని ఇంట్లోకి వెళ్లాడు. టైలరమ్మ ముందు గదిలో ఒక బొజ్జాయన కొత్త ప్యాంటు వేసుకుని అద్దంలో మురిసిపోతున్నాడు.

"నిలబడితే బానే ఉంది. ఏదీ, ఇప్పుడు కూర్చోండి," అందావిడ.

ఆయన స్టూలు మీద కూర్చున్నాడు. నడుము దగ్గర కుట్లు పటపటలాడాయి. ఆవిడ సుద్దముక్కతో గీత గీసి, "ఇక్కడ వదులు చెయ్యాలి, ఎల్లుండి రండి" అని పంపేసింది. మేస్త్రి వెళ్లి ఆ స్టూలు మీదే కూలబడ్డాడు.

"జీపు కూడా కూర్చుంది," అన్నాడు.

మిషను తొక్కుతున్న కాలు ఆగింది. "తగిలిందా?"

"తగిలింది."

'చెప్పానా' అనే మాట కోసం తల వంచుకుని కాచుకున్నాడు. అంటే పడాలనే అనుకున్నాడు. ఆవిడ సూదిలోంచి దారం తీసి, రీలుకి చుట్టి, అప్పుడు అడిగింది.

"నర్సమ్మకి మీరు చెప్తారా, నన్ను చెప్పమంటారా?"

"నేనే చెప్తాను."

"అయితే ఇప్పుడే వెళ్లండి. తెల్లారితే మీ మనసు మారుతుంది."

ఎంతైనా మొగుణ్ణి కొలిచిన మనిషి.

వీధి చివర ఆసుపత్రి గదిలో నర్సమ్మ మందులు సర్దుకుంటోంది. తప్పు తనదేనని, చక్రాలు గాల్లో ఉండగా కొలిచానని, మళ్లీ ఇంజను దించాలని మేస్త్రి ఉన్నదున్నట్టు చెప్పాడు. నర్సమ్మ మొహం మాడిపోయింది.

"ఇంకో మూడ్రోజుల్లో వానలంటున్నారు బాబాయ్!"

"తెలుసమ్మా. ఐదు రోజులు పడుతుంది."

"మీరు చెప్పకపోతే నాకు తెలిసేదా?"

"వాగులో తెలిసేది."

ఆ పిల్ల మందుల పెట్టె మూత వేసి దాని మీదే కూర్చుంది. "పోయినేడు టాపు మీద కూర్చుని నాలుగు గంటలూ ఏం చేశాననుకున్నారు? అంతకుముందు టౌన్లో ఆ బండి బాగుచేసినవాణ్ణి తిట్టాను. నీళ్లు చిమ్మితే ఆగిపోతుందని వాడు ముందే చెప్పుంటే బావుండునని ఏడ్చాను. వెళ్లండి బాబాయ్, పని చూడండి."

మర్నాడు చాంబరు ముందు భాగాన్ని కోసి పైకి లేపాడు. తగ్గినంత నూనెకి చోటు ఉండాలి కాబట్టి పక్కన సంచిలా ఒక గూడు పెంచాలి. ఆ వంపుకి రేకు ఎంత కోసినా ఒక మూల ఎక్కువ, ఒక మూల తక్కువ. మూడు రేకులు పాడయ్యాక మధ్య తలుపు తీశాడు. టైలరమ్మ అలవాటుగా మెడలోంచి టేపు తీసి ఇవ్వబోయింది.

"టేపు కాదు. నువ్వు రా ఒకసారి."

ఆవిడ ఒక్క క్షణం ఆయన మొహంలోకి చూసింది. తర్వాత కత్తెర, గుండుసూదులు, పాత పేపర్లు పట్టుకొచ్చి నూనె మరకల నేల మీద చతికిలబడింది. "జాకెట్టు చంకలో ముక్క వేసినట్టేగా," అంటూ కాగితాన్ని ఆ వంపుకి మడిచి, నొక్కి, కత్తిరించి ఇచ్చింది. కాగితం ప్రకారం రేకు కోశాడు మేస్త్రి, అచ్చు గుద్దినట్టు కూర్చుంది. వెల్డరు దాన్ని అతికాడు. లోపల కిరసనాయిలు పోసి తెల్లారేదాకా ఉంచితే ఒక్క చుక్క కారలేదు. ముందు స్ప్రింగులకి రెండు వైపులా ఒక్కో పట్టీ ఎక్కించారు. ఆఖర్న బండిని నేలకి దించి, బొజ్జాయనతో సహా ఆరుగురిని ముందు బంపరు మీద నిలబెట్టి గెంతమన్నారు. గెంతినంతసేపూ కింద పడుకుని సందు చూసింది టైలరమ్మే. "రెండు వేళ్లు మిగిలాయి!" అని అరిచింది.

వానలు చెప్పిన మాట తప్పలేదు, పని పూర్తవడానికి రెండు రోజులు ముందే దిగాయి. ఆరో రోజు పొద్దున వాగు ఎర్రగా పారుతోంది. ఒడ్డున పది మంది పోగయ్యారు. నర్సమ్మ మందుల పెట్టె పక్క సీటుకి కట్టి, బండిని నీళ్లలోకి దించింది. నీళ్లు చక్రాలు దాటి పైకొచ్చాయి. నడుమ ఒక పెద్ద రాయి మీంచి ముందు చక్రం దబ్బున పడింది. మేస్త్రి కళ్లు మూసుకున్నాడు, చెవులు మాత్రం బండి కిందే ఉన్నాయి. ఇనుముకి ఇనుము తగిలిన చప్పుడు లేదు. ఇంజను దడదడ ఆగలేదు. కళ్లు తెరిచేసరికి జీపు నీళ్లు కార్చుకుంటూ అవతలి ఒడ్డెక్కుతోంది.

నర్సమ్మ దిగి, ఇటు తిరిగి, మేస్త్రిని చూసి రెండు చేతులూ ఎత్తి దణ్ణం పెట్టింది. వాగు హోరులో ఎంత అరిచినా అవతలికి వినబడదు. మేస్త్రి కాదు కాదని తలూపి, పక్కనున్న భార్య మణికట్టు పట్టుకుని ఆవిడ చెయ్యి పైకెత్తాడు. 

టైలరమ్మ సిగ్గుతో చచ్చిపోయింది. "వదలండి, అందరూ చూస్తున్నారు."

"చూడనీ," అన్నాడు మేస్త్రి, చెయ్యి దించకుండా. "అందుకే ఎత్తాను."