కొండ దిగని చీటీ

కమినోటా స్టేషన్‌లో రైలు దిగినవాళ్లు కొండెక్కేముందు ఒక చీటీ రాసి చెక్కపెట్టెలో వేస్తారు. పేరు, ఫోన్ నంబరు, వెళ్లే దారి, దిగే వేళ. తిరిగొచ్చి ఆ చీటీ వెనక్కి తీసుకుంటేనే మనిషి దిగినట్టు. ఈ స్టేషన్‌కు ఉద్యోగులను వేయడం మానేసి పద్దెనిమిదేళ్లయింది. అప్పటినుంచి టిక్కెట్లు అమ్మేదీ, మంచు ఊడ్చేదీ, చీటీలు చూసేదీ వెనక వీధిలో ఉండే కురాషినా నొబుయో. అరవై ఏడేళ్ల మనిషి. పెట్టెలో చీటీ మిగిలితే ఇంటికి వెళ్లదు.

రెండు గంటలు పైకి నడిస్తే చిత్తడినేల వస్తుంది. మే నెలాఖరున పదిరోజులు అక్కడ తెల్లపూలు విరగబూస్తాయి. వేలమందికి దారి చెప్పిన నొబుయో వాటిని ఒక్కసారీ చూడలేదు. పూలు పూసే రోజులే జనం ఎగబడే రోజులు, స్టేషన్ వదలడానికి ఉండదు. ఈసారి సోమవారం ఆమె మోకాలికి ఆపరేషన్. ఆ తర్వాత కొండల మాట మరిచిపొమ్మన్నాడు డాక్టరు. అందుకే గురువారం ఒక్కరోజు సెలవడిగింది. ఊరి ఆఫీసువాళ్లు హిదాకా అనే గుమాస్తాను పంపారు.

ఏడింటికి అతనొచ్చేసరికి ఆమె బూట్లు బిగించుకుని, పెట్టెలో మిగిలిన చీటీ చేతిలో పట్టుకుని కూర్చుంది.

"ఇంకా ఇక్కడే ఉన్నారేం పెద్దమ్మా? మీరెళ్లేసరికి పూలు రాలిపోతాయి."

"నిన్న ఎక్కినవాడొకడు దిగలేదు. పేరు ఒసానాయి అట. ఫోన్ కలవట్లేదు. పోలీసులకు నిన్నే చెప్పా, తెల్లారగానే నలుగురు పైకెళ్లారు."

"అయితే ఇంకేం? నేను చూసుకుంటాగా."

"వాడి మొహం నువ్వు చూశావా? దిగితే గుర్తుపట్టేది నేనొక్కదాన్నే."

పన్నెండూ నలభైకి ఫోన్ కలిసింది. ఆ పెద్దమనిషి అవతలి వైపు దిగి, వేడినీళ్ల బుగ్గ దగ్గర బసలో నిద్రపోయాడు.

"దిగానుగా అండీ! అటు దిగినా చెప్పాలా?"

"చెప్పాలి బాబూ. నీకోసం నలుగురు లోయల్లో దేవులాడుతున్నారు."

పోలీసులకు కబురు చెప్పి ఫోన్ పెట్టేసింది. హిదాకా తలుపు తీసి పట్టుకున్నాడు.

"ఇంకా ఎండుంది. వెళ్లిరండి, ఎవరు చూడొచ్చారు?"

"పదకొండు దాటాక నేనెవణ్ణయినా పైకి వదిలానా? కిందటేడు ప్రొఫెసర్ని చెయ్యిపట్టి ఈ బెంచీ మీద కూలేశా."

"మీరు ప్రొఫెసర్ కాదుగా."

"కుంటిదాన్ని. ఆయనకన్నా అన్యాయం!" ఒసానాయి చీటీ మడిచి పక్కన పెట్టి అడిగింది. "రేపొస్తావా?"

"రేపు మీటింగ్ పెద్దమ్మా. శనాదివారాలైతే..."

"శనాదివారాలు జనం. నేను కదలడానికి ఉండదు, తెలుసులే."

సంచిలోంచి ఊరవేసిన పుల్లటి ఉమె కాయ లోపల పెట్టిన అన్నం ముద్దలు తీసి అతనికొకటి ఇచ్చింది, తనొకటి తింది. ఒంటిగంటా ఇరవై బండికి ఆరుగురు దిగారు. కెమెరా మెడలో వేసుకున్న ఒకావిడ కిటికీ దగ్గరకొచ్చింది.

"పూలుండే చోటికి ఎటండీ?"

"ఎడమచేతి దారి," అంది నొబుయో. "ఇవాళ కాదు. వేళ దాటింది. రేపు పొద్దున్నే రండి."