గవీనా అత్త డిగ్రీలు

గవీనా అత్త ఎవరింటికి వెళ్ళినా ముందు మనుషుల్ని కాదు, ఫ్రిజ్‌ని పలకరిస్తుంది. సంచిలోంచి థర్మామీటర్ తీసి పాలసీసా పక్కన పెట్టి, కుర్చీ లాక్కుని కూర్చుంటుంది. అస్సుంతా అనే ఆవిడ పక్కింటి ముసలాయన పోయినప్పుడూ అంతే. శవం ముందుగదిలో, అత్త వంటగదిలో.

"ఆరు!" అని అక్కణ్ణుంచే కేకేసింది. "రెండులో ఉండాల్సిన పంది సాసేజ్‌ని ఆరు డిగ్రీల్లో పెడతారా? లోపల పురుగు సంసారం పెట్టి పిల్లల్ని కంటోంది!"

ముప్పయ్యేళ్ళు ఆసుపత్రి ల్యాబులో సూక్ష్మజీవుల్ని పెంచిన మనిషి మరి. ఇటలీ ద్వీపం సార్డీనియాలోని ఆ ఊళ్ళో ఆవిడ అందరికీ అత్తే, అయినా ఆవిణ్ణి చూస్తే ఫ్రిజ్‌లకి తాళాలేసుకునేవాళ్ళు.

అస్సుంతాకైతే అత్తంటే ఒళ్ళుమంట. అసలే ఆమె కూతురు రఫయేలాకి తలసీమియా. మూడు వారాలకోసారి రక్తం ఎక్కించాలి. ఆ రక్తంతో ఒంట్లో ఇనుము పేరుకుపోతుంది. దాన్ని బయటికి లాగే మందుని చిన్న పంపుతో పొట్ట చర్మం కిందికి ఎక్కించాలి. తొమ్మిదేళ్ళలో అస్సుంతా ఒక్కపూట మానలేదు. ఆ ఊరి తలసీమియా తల్లులందరిదీ అదే పట్టుదల.

ఒక శనివారం ఉదయం పిల్లకి జ్వరం, కుడిపక్క పొట్టనొప్పి. అసలే బాగాలేదు, మందు కూడా మానితే ఎలాగని అస్సుంతా పంపు పెట్టేసింది. అప్పుడే దిగబడింది గవీనా అత్త.

"ఫ్రిజ్ అటుంది," అంది అస్సుంతా విసుగ్గా.

అత్త అటు చూడనే లేదు. అలా ఎప్పుడూ జరగలేదు. అత్త పిల్ల నుదురు తాకి, పొట్ట నొక్కి, పంపు ఆపి, సూది లాగేసింది.

"మీకేమైనా మతిపోయిందా?"

"అరవకు. ఫ్రిజ్ చలిలో కూడా పెరిగే పురుగొకటుంది, కంటికి కనపడని సూక్ష్మజీవి. ఒంటి వేడి తగిలితే కత్తులు నూరుతుంది. దానికి ఇనుము కావాలి, సొంతంగా పట్టుకునే తెలివి లేదు. నీ మందు పట్టిన ఇనుముని తన్నుకుపోతుంది. నువ్వు దానికి అన్నం కలిపి పెడుతున్నావే!"

ఆసుపత్రిలో డాక్టర్ ఉరస్ అపెండిక్స్ అని కోతకి సిద్ధమయ్యాడు. అత్త తలుపుకి అడ్డంగా నిలబడింది.

"ముందు స్కాన్ చెయ్యి నాయనా. యాంటీబయాటిక్ మొదలుపెట్టు. మలంలోని పురుగుని ఇరవై ఎనిమిది డిగ్రీల్లో పెంచి చూడు. ఎప్పట్లా ముప్పై ఏడంటే ఊరుకోను, ఆ వేడికి అది సరిగా పెరగదు."

"మీరు పొరబడితే, గవీనా గారూ?"

అత్త అడ్డు తప్పుకోలేదు. "నేను పొరబడాలనే ఉంది. ముందు చూడు."

స్కాన్‌లో అపెండిక్స్ బాగానే ఉంది. పేగు పక్కన లింఫ్ గ్రంథులు వాచాయి. కత్తి పక్కన పెట్టారు. పంపు మందు మానితే ఇనుము గుండెని తినేస్తుందేమో, మానకపోతే పురుగు పిల్లనే తినేస్తుందేమోనని అస్సుంతా రెండ్రోజులు మంచినీళ్ళు ముట్టలేదు. మూడోనాడు జ్వరం దిగింది. అత్త చెప్పిన పురుగే పెరిగిందని ల్యాబు చెప్పింది.

వారం తర్వాత అస్సుంతా తేనె పోసిన జున్ను పూరీలు పట్టుకుని అత్త ఇంటికి వెళ్ళింది. మిగిలినవి దాచడానికి ఫ్రిజ్ తెరిస్తే లోపల వెచ్చగా తగిలింది. బల్లమీది థర్మామీటర్ తీసి పెట్టి చూసింది.

"పదకొండు! ఊరందర్నీ తిట్టి, మీ ఫ్రిజ్ పదకొండా అత్తా?"

"ఊరందర్నీ ఎక్కడే? నేను వెళ్ళేది రఫయేలా తినే ఏడిళ్ళకే. నా కొంపలో అది తినదుగా."

అస్సుంతా ఫ్రిజ్ తలుపు మూసింది. కళ్ళు తుడుచుకుంది. "ఆదివారం దాన్ని మీ ఇంటికి భోజనానికి పంపిస్తున్నా."

గవీనా అత్త కుర్చీలోంచి ఎగిరి లేచి, ఫ్రిజ్ బాగుచేసేవాడికి ఫోన్ కలిపింది.

"ఒరేయ్, ఆదివారంలోపు రెండుకి దించకపోయావో, సంచీ పట్టుకుని మీ ఇంటికొస్తా!"